పాతిపెట్టిన కేబులే సెన్సర్: ఆప్టికల్ ఫైబర్ చప్పుళ్లను ఎలా పట్టుకుంటుంది?

పశ్చిమ బెంగాల్ ఉత్తరాన, హిమాలయాల పాదాల దగ్గర డూయార్స్ అనే ప్రాంతం ఉంది. టీ తోటలు, అడవులు, వాటి మధ్య నుంచి రైలు పట్టాలు. ఏనుగుల గుంపులు తరతరాలుగా నడిచే దారులకు ఆ పట్టాలు అడ్డంగా పడ్డాయి. ఇక్కడి చాల్సా, హాసిమారా స్టేషన్ల మధ్య 2022 డిసెంబర్‌లో ఈశాన్య సరిహద్దు రైల్వే ఒక కొత్త ఏర్పాటు మొదలుపెట్టింది. అస్సాంలోని లమ్‌డింగ్ డివిజన్‌లో కూడా అప్పుడే మొదలైంది. ఇందులో కెమెరాలు లేవు, ఏనుగుల మెడకు కట్టే రేడియో పట్టీలు లేవు. పట్టాల పక్కన సిగ్నలింగ్, టెలికాం అవసరాల కోసం వేసే ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌నే వాడుకున్నారు. ఏనుగు పట్టాల వైపు నడిచి వస్తే నేలలో పుట్టే కంపనం ఆ కేబుల్‌కు తగులుతుంది. స్టేషన్ మాస్టర్‌కు, కంట్రోల్ రూమ్‌కు, లోకో పైలట్‌కు హెచ్చరిక వెళ్తుంది. 2023 నవంబర్‌లో రైల్వే శాఖ దీనికి 'గజరాజ్ సురక్ష' అని పేరు పెట్టి, ఏనుగులు తిరిగే రాష్ట్రాల్లో సుమారు 700 కిలోమీటర్ల రైలు మార్గానికి విస్తరిస్తామని ప్రకటించింది.

ఆ కేబుల్‌లో మైక్రోఫోన్ లేదు. దారి పొడవునా ఎక్కడా సెన్సర్ అమర్చలేదు. లోపల ఉన్నవి సన్నని గాజు పోగులు మాత్రమే. ఒక చివర ఒక పెట్టె బిగిస్తే, పదుల కిలోమీటర్ల మేర ఎక్కడ కదలిక వచ్చినా తెలుస్తుంది. ఈ విధానం పేరు డిస్ట్రిబ్యూటెడ్ అకౌస్టిక్ సెన్సింగ్. ఇంజనీర్లు పొట్టిగా డాస్ అంటారు. దీని మీద వచ్చే వార్తలు చాలావరకు 'కేబుల్ వింటోంది' అన్న ఆశ్చర్యం దగ్గరే ఆగిపోతాయి. కానీ వినడం ఇప్పుడు అంత కష్టమైన పని కాదు. విన్న చప్పుడు ఎక్కడిదో, దేనిదో తేల్చి, ఏదైనా చేయగలిగిన మనిషికి సమయం మించకముందే చేర్చడమే కష్టం. డాస్ నెగ్గిన చోటు చూసినా, తడబడిన చోటు చూసినా కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

వెనక్కి తిరిగొచ్చే వెలుగు

టెలికాం ఫైబర్‌లో వెలుగు నడిచే మధ్యభాగం వ్యాసం 9 మైక్రాన్ల దాకా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చుట్టూ ఉండే గాజు తొడుగుతో కలిపితే 125 మైక్రాన్లు. అందులోకి 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ లేజర్‌ను పంపుతారు, ఎందుకంటే ఆ తరంగదైర్ఘ్యం దగ్గర గాజు వెలుగును అతి తక్కువగా పోగొడుతుంది. కిలోమీటరుకు 0.2 డెసిబెల్, అంటే సుమారు నాలుగున్నర శాతం. వెలుగుతో సమాచారాన్ని దూరాలకు పంపగలిగేంత స్వచ్ఛమైన గాజు సాధ్యమేనని 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ లెక్కగట్టి చూపించారు. ఆ కృషికి కావోకు 2009లో నోబెల్ వచ్చింది.

పోయే ఆ కాస్త వెలుగే డాస్‌కు ఆధారం. బెల్లం పాకం చల్లారి అచ్చు కట్టేటప్పుడు ఒకచోట కాస్త చిక్కగా, ఒకచోట కాస్త పలచగా గట్టిపడినట్టు, కరిగిన గాజు చల్లారేటప్పుడు కంటికి కనిపించనంత సూక్ష్మమైన తేడాలు దానిలో నిలిచిపోతాయి. వెలుగు ఈ తేడాలను తాకినప్పుడు కొంత చెదిరిపోతుంది. ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుందో వివరిస్తూ 1871లో లార్డ్ రేలీ చెప్పిన పరిక్షేపణం ఇదే. చెదిరిన దానిలో అతి స్వల్ప భాగం వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. ఫైబర్‌లో ప్రతి చోటు నుంచీ, ప్రతి క్షణం ఇలా కొంత వెలుగు తిరిగొస్తూనే ఉంటుంది.

టెలికాం సిబ్బందికి ఇది పాత విషయమే. రోడ్డు తవ్వే జేసీబీ కేబుల్‌ను తెంపినప్పుడు టెక్నీషియన్ ఓటీడీఆర్ అనే పరికరం తగిలించి, ఎన్ని కిలోమీటర్ల దూరంలో తెగిందో ఉన్నచోటు నుంచే చెప్పేస్తాడు. గాజులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. లేజర్ పల్స్ పంపిన ఒక మైక్రోసెకను తర్వాత తిరిగొచ్చిన వెలుగు 100 మీటర్ల దూరం నుంచి వచ్చినట్టు లెక్క. అయితే ఓటీడీఆర్ చూసేది ఎంత వెలుగు తిరిగొచ్చిందన్నదే. డాస్ ఒక అడుగు ముందుకేసి, ఆ వెలుగు తరంగం దశ, అంటే అది తన ఎత్తుపల్లాల్లో ఏ చోట ఉందన్నది, ఎంత మారిందో కొలుస్తుంది. ఫైబర్ పాతిన చోట ఎవరైనా అడుగు తీసి అడుగు వేస్తే నేల కదులుతుంది, నేలతో పాటు గాజు కొద్దిగా సాగి మళ్లీ సర్దుకుంటుంది. 10 మీటర్ల ముక్క 10 నానోమీటర్లు సాగిందనుకుందాం. అంటే నూరు కోట్లలో ఒక వంతు. ఆ మాత్రానికే తిరిగొచ్చే వెలుగు దశ సుమారు 5 డిగ్రీలు మారుతుంది. నేటి పరికరాలు ఆ తేడాను తేలిగ్గా పట్టుకుంటాయి.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. ఫైబర్‌తో నీటి అడుగున చప్పుడు వినవచ్చని అమెరికా నేవీ పరిశోధన కేంద్రం 1970ల చివరికే చూపించింది. పాతిన ఫైబర్ మొత్తాన్నీ చొరబాట్లు పట్టే సెన్సర్‌గా వాడే పద్ధతికి టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెన్రీ టేలర్ బృందానికి 1993లో పేటెంట్ వచ్చింది. కానీ తగినంత నిలకడైన లేజర్లు, వచ్చిపడే డేటాను నమిలే కంప్యూటర్లు అందుబాటులోకి రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 2009లో షెల్ సంస్థ కెనడాలోని ఒక గ్యాస్ బావిలో దీన్ని దింపి పరీక్షించింది. మొదట డబ్బు పెట్టింది చమురు, గ్యాస్ రంగమే. భూకంప శాస్త్రవేత్తలు, రైల్వేలు ఆ తర్వాత వచ్చారు.

ఒక్క గాజు పోగు మూడు రకాలుగా పని చేయగలదన్నది కూడా గుర్తుంచుకోవాలి. రేలీ పరిక్షేపణం కంపనాన్ని చెబితే, రామన్ పరిక్షేపణం ఉష్ణోగ్రతను చెబుతుంది. బ్రిల్వాన్ పరిక్షేపణం నెమ్మదిగా వచ్చే సాగుదలను చెబుతుంది. సముద్రం నీలిరంగు ఆకాశపు ప్రతిబింబం మాత్రమేనన్న రేలీ మాటను ఒప్పుకోక, 1921 నాటి ఓడ ప్రయాణం నుంచి ఆ ప్రశ్న వెంట పడి 1928లో తన ఆవిష్కరణకు చేరినవాడు సి.వి. రామన్. ఆయన చిన్నతనం, బడి చదువు విశాఖపట్నంలో గడిచాయి. ఇప్పుడు పైప్‌లైన్ల పక్కన ఆ ఇద్దరి భౌతికశాస్త్రం ఒకే కేబుల్‌లో పక్కపక్కనే పనిచేస్తోంది.

దూరానికి, వినికిడికి మధ్య బేరం

ఇంటరాగేటర్ అని పిలిచే ఆ పెట్టె ఎంత ఖరీదైనదైనా భౌతికశాస్త్రం పెట్టే కొన్ని హద్దులు దాటలేదు. ఒక పల్స్ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేదాకా రెండోది పంపకూడదు, పంపితే ఏ వెలుగు ఏ పల్స్‌దో తెలియదు. 100 కిలోమీటర్ల కేబుల్‌కు ఆ రాకపోకలకు ఒక మిల్లీసెకను పడుతుంది. కాబట్టి సెకనుకు వెయ్యి పల్స్‌లే పంపగలం. ఒక్కో ఊపును పట్టాలంటే కనీసం రెండు నమూనాలు కావాలి కాబట్టి, వెయ్యి నమూనాలతో పట్టగలిగేది 500 హెర్ట్జ్ వరకు, అంటే సెకనుకు 500 సార్ల దాకా ఊగే కంపనాలనే. అదే 10 కిలోమీటర్ల కేబుల్ అయితే 5,000 హెర్ట్జ్ దాకా వెళ్లవచ్చు. ఏనుగు అడుగులు, గునపం దెబ్బలు, భూకంప తరంగాలు అన్నీ తక్కువ పౌనఃపున్యాలవే కాబట్టి 500 చాలు. అంతకంటే సన్నని చప్పుళ్లు కావాలంటే దూరం తగ్గించుకోవాలి.

పల్స్ పొడవుతోనూ ఇలాంటి బేరమే. 100 నానోసెకన్ల పల్స్ గాజులో 20 మీటర్ల పొడవు ఆక్రమిస్తుంది. రాకపోకలు లెక్కేస్తే 10 మీటర్ల ముక్కను విడిగా చూడగలం. పల్స్ కురచ చేస్తే చోటు ఇంకా కచ్చితంగా తెలుస్తుంది, కానీ తిరిగొచ్చే వెలుగు తగ్గిపోతుంది. 50 కిలోమీటర్ల దగ్గరికి చేరేసరికే వెలుగు పదో వంతుకు పడిపోతుంది, తిరుగు ప్రయాణంలో మళ్లీ పదో వంతు. దగ్గరి నుంచి వచ్చే దానితో పోలిస్తే అక్కడి నుంచి మనకు అందేది నూరో వంతు. అందుకే కేబుల్ చివరి కిలోమీటర్లలో వినికిడి ఎప్పుడూ మందంగానే ఉంటుంది.

మరో చిక్కు డేటాది. 50 కిలోమీటర్లను పదేసి మీటర్ల ముక్కలుగా చూస్తే 5,000 సెన్సర్లు ఉన్నట్టు. ఒక్కోటి సెకనుకు వెయ్యి అంకెలు, ఒక్కో అంకెకు 4 బైట్లు. సెకనుకు 20 మెగాబైట్లు, రోజుకు 1.7 టెరాబైట్లు. ఇదంతా ఏళ్ల తరబడి దాచిపెట్టడం కష్టం. ఏది ఉంచాలో, ఏది పారేయాలో పెట్టె దగ్గరే, అప్పటికప్పుడే తేల్చాలి. అలా పారేసిన దానిలో తర్వాత కావలసివచ్చేది ఉండొచ్చు. దాన్ని తిరిగి రాబట్టే దారి లేదు.

ఎక్కడ? దేనిది?

పరికరం 'చప్పుడు 18,240 మీటర్ల దగ్గర' అని చెబుతుంది. ఆ అంకె ఫైబర్ పొడవుది, నేల మీది దూరానిది కాదు. కేబుల్ వేసేవాళ్లు తర్వాత రిపేర్లకు పనికొస్తుందని ప్రతి జాయింట్ ఛాంబర్ దగ్గరా కొన్ని మీటర్ల కేబుల్‌ను చుట్టగా వదిలేస్తారు. పైగా కేబుల్ లోపల ఫైబర్ కాస్త వదులుగా, మెలికలుగా ఉంటుంది. ఇవన్నీ కలిసి కిలోమీటర్లు గడిచేకొద్దీ తేడా పెరుగుతూ పోతుంది. దీనికి ఇప్పటికీ ఉన్న మందు పాతదే: ఒక మనిషి జీపీఎస్, సుత్తి పట్టుకుని దారి పొడవునా నడుస్తూ నేల మీద కొట్టడం, ఆ దెబ్బ ఫైబర్‌లో ఏ అంకె దగ్గర కనిపించిందో రాసుకోవడం. వందల కోట్ల ప్రాజెక్టు నాణ్యత చివరికి ఈ సుత్తి దెబ్బల మీద ఆధారపడుతుంది. టెండర్లలో ఈ పనికి దక్కే చోటు మాత్రం చిన్నది.

రెండో సంగతి, కేబుల్ నేలతో ఎంత గట్టిగా కలిసి ఉందన్నది. మట్టిలో నేరుగా పూడ్చిన కేబుల్ బాగా వింటుంది. ప్లాస్టిక్ డక్ట్‌లో వదులుగా పడి ఉన్నది తక్కువ వింటుంది. కల్వర్టు మీద వేలాడే ముక్క గాలికి ఊగుతూ తన సొంత గోలనే పంపుతుంది. వేసవిలో బీటలు వారిన నల్లరేగడికి, వానల్లో తడిసి ముద్దయిన అదే నేలకు స్పందన ఒకలా ఉండదు. ఇక దిశ సంగతి: ఫైబర్ తన పొడవునా వచ్చే సాగుదలనే కొలవగలదు, అడ్డంగా నేరుగా వచ్చి తగిలే తరంగానికి దాదాపు చెవిటిది. మూడు దిశల్లోనూ కదలికను కొలిచే సిస్మోమీటర్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదని శాస్త్రవేత్తలు పదేపదే చెప్పేది అందుకే. డాస్ బలం ఒక్కో బిందువు నాణ్యతలో లేదు, వేల బిందువులను ఒకేసారి చూడటంలో ఉంది.

ఆ వేల బిందువుల్లో కనిపించిన కదలిక దేనిదో తేల్చడం మరో పని. గ్రామీణ పైప్‌లైన్ పక్కన ట్రాక్టర్ దున్నుతుంది, బోరు మోటారు తిరుగుతుంది, పశువుల మంద దాటుతుంది, పిడుగు పడుతుంది. వాటి మధ్య గునపం దెబ్బలను గుర్తుపట్టేందుకు కంప్యూటర్ నమూనాలకు శిక్షణ ఇస్తారు. ఒక ప్రాంతంలో శిక్షణ పొందిన నమూనా మరో నేలకు వచ్చేసరికి పొరబడటం మామూలే. ఏనుగుల విషయానికి వస్తే డూయార్స్ మట్టిలో నేర్చుకున్నది కేరళలోని పాలక్కాడ్ కనుమ రాతినేలకు నేరుగా సరిపోతుందని అనుకోకూడదు. అక్కడ మళ్లీ నేర్పాలి.

నిమిషం ఆలస్యమైతే

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు నిమిషంలో 1.67 కిలోమీటర్లు దాటుతుంది. బ్రేకులు వేశాక ఆగడానికి అటూఇటూగా మరో కిలోమీటరు కావాలి. ఏనుగు పట్టాల దగ్గరికి వచ్చిందని పెట్టెకు సెకన్లలో తెలిసిందనుకుందాం. అది కంట్రోల్ రూమ్ తెర మీద కనిపించి, ఎవరో చూసి, స్టేషన్ మాస్టర్‌కు చెప్పి, ఆయన వాకీటాకీలో డ్రైవర్‌ను పిలిచి, డ్రైవర్ విని బ్రేకు వేసేసరికి రెండు నిమిషాలు పట్టినా రైలు 3 కిలోమీటర్లు ముందుకు వచ్చేసినట్టే. ఆపేందుకు కావలసినది కలిపితే 4 కిలోమీటర్లకు పైమాటే. అంతకంటే దగ్గరలో రైలు ఉంటే ఆ హెచ్చరిక నష్టాన్ని తగ్గించగలదేమో గానీ ఆపలేదు.

కేబుల్ ఎంత సున్నితంగా వింటోందన్న దానికంటే ఈ గొలుసు ఎంత పొట్టిగా ఉందన్నదే ఏనుగుల ప్రాణాలను తేలుస్తుంది. హెచ్చరిక మనుషుల చేతులు మారకుండా నేరుగా ఇంజిన్‌కే చేరాలి. మన దేశంలో అందుకు దారి ఉంది. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో మొదలై దేశమంతా పాకుతున్న కవచ్ వ్యవస్థ, ఇంజిన్‌తో రేడియోలో మాట్లాడి బ్రేకులు వేయించగలదు. డాస్ హెచ్చరికను కవచ్‌కు జతచేయడం కాగితం మీద తేలిక. ఆచరణలో తప్పుడు హెచ్చరికల సమస్య అక్కడే అడ్డుపడుతుంది. మనిషి చూసి కొట్టిపారేసే తప్పుడు అలారం ఒక రకం, రైలును తనంతట తానే ఆపేసేది మరో రకం. రోజుకు పది సార్లు ఊరికే ఆగాల్సివస్తే ఆ వ్యవస్థను ఎవరో ఒకరు ఆఫ్ చేస్తారు. వేగం తగ్గించడం వరకే యంత్రానికి అప్పగించి, పూర్తిగా ఆపే నిర్ణయం డ్రైవర్‌కు వదిలే మధ్యేమార్గం మేలు.

పైప్‌లైన్ల కథ కూడా ఇక్కడికే వస్తుంది. పెట్రోలు దొంగలు పైపుకు కన్నం వేయడానికి తవ్వే తవ్వకాన్ని పట్టుకునేందుకు ఇండియన్ ఆయిల్ వంటి సంస్థలు పైపు పక్కనే ఉన్న ఫైబర్‌ను ఏళ్లుగా వాడుతున్నాయి. తవ్వకానికి సమయం పడుతుంది కాబట్టి గస్తీ మనిషి చేరుకునే వీలుంది, అందుకే ఇది బాగానే పనిచేస్తోంది. లీకుల విషయం వేరు. అధిక పీడనంతో చిమ్మే గ్యాస్ బుసను కేబుల్ వినగలదు, గ్యాస్ వ్యాకోచించి చల్లబడటాన్ని రామన్ పద్ధతి పసిగట్టగలదు. తుప్పు పట్టిన పైపు నుంచి నెమ్మదిగా ఊటలా కారేది మాత్రం రెండింటికీ దొరక్కపోవచ్చు.

కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాక నుంచి కొండపల్లి వెళ్లే గెయిల్ పైప్‌లైన్ లీకై, గ్యాస్ ఊరిని కమ్మి అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ లీకులు ఉన్నాయని అంతకుముందే ఫిర్యాదు చేశామని గ్రామస్థులు చెప్పారు. అంటే ఏ కేబుల్ సాయమూ లేకుండానే మనుషుల ముక్కు ఆ పని చేసింది. సెన్సర్ల గురించి ఎంత ఉత్సాహంగా మాట్లాడినా, నగరం లాంటి చోట కావలసింది మరో సెన్సర్ ఒక్కటే కాదు. ఫిర్యాదు అందగానే వాల్వు మూయించే అధికారం ఎవరి చేతిలో ఉందో ముందే రాసిపెట్టి ఉండాలి. ఫైబర్ హెచ్చరికకైనా అదే వర్తిస్తుంది.

నేల లోపలికి, సముద్రం అడుగుకు

సమయం ఒత్తిడి లేని చోట డాస్ ఎంత గొప్పగా పనిచేయగలదో భూకంప శాస్త్రం చూపించింది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో బియోండో బియోండి బృందం 2016 సెప్టెంబర్‌లో క్యాంపస్ కింద అప్పటికే ఉన్న టెలికాం పైపుల్లోని దాదాపు 5 కిలోమీటర్ల ఫైబర్‌కు పరికరం తగిలించింది. ఎనిమిది అంకె ఆకారంలో తిరిగిన ఆ కేబుల్ ఏడాదిలోనే 800కు పైగా ఘటనలను నమోదు చేసింది. 2017 సెప్టెంబర్‌లో మెక్సికోలో వచ్చిన భూకంపాలు కూడా వాటిలో ఉన్నాయి. డక్ట్‌లో వదులుగా ఉన్న కేబుల్ ఎందుకూ పనికిరాదన్న అనుమానానికి అది గట్టి జవాబు. 2019 జులైలో కాలిఫోర్నియాలోని రిడ్జ్‌క్రెస్ట్ దగ్గర 7.1 తీవ్రతతో భూకంపం వస్తే, కాల్‌టెక్ బృందం రోజుల్లోనే అక్కడి వాడకంలో లేని ఫైబర్‌కు పెట్టె బిగించి తర్వాతి ప్రకంపనలను రాబట్టింది. ఆ కేబుల్‌నే ఏళ్ల తరబడి ఉంచి, వాహనాల చప్పుడు నేలలో ఎంత వేగంగా నడుస్తోందో చూస్తూ, ఎడారి నేల పైపొరల్లో తేమ ఎలా తగ్గుతోందో కూడా అంచనా వేశారు. అనంతపురం లాంటి కరువు సీమలో భూగర్భ జలాల లెక్క ఎప్పుడూ అక్కడొక బావి, ఇక్కడొక బావి ఆధారంగానే సాగుతుంది కాబట్టి ఈ చివరి ఉపయోగం మనవాళ్ల దృష్టికి రావాలి.

ఐస్‌లాండ్ అనుభవం వీటన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అక్కడ విన్నది మనుషులను కాపాడే పనికి పనికొచ్చింది. రేక్యానెస్ ద్వీపకల్పంలో 2023 నవంబర్‌లో గ్రిండవిక్ పట్టణాన్ని ఖాళీ చేయించాక, ఆ ప్రాంతం గుండా పోయే 100 కిలోమీటర్ల టెలికాం ఫైబర్‌కు కాల్‌టెక్, ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు కలిసి పరికరం అమర్చారు. వాళ్లు చూసింది చప్పుడును కాదు, శిలాద్రవం పగుళ్లలోకి చొచ్చుకొచ్చేటప్పుడు నేల అతి నెమ్మదిగా సాగడాన్ని. ఏడాదిలో ఇలాంటి చొరబాట్లు 9 కనిపించాయి, వాటిలో 6 విస్ఫోటనాలుగా బయటపడ్డాయి. అరగంట నుంచి కొన్ని గంటల ముందే ఆనవాలు దొరికింది. ఖాళీ చేయించే యంత్రాంగం అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి ఆ అరగంటకు విలువ వచ్చింది.

సముద్రం విషయానికి వస్తే ఆశ ఇంకా పెద్దది. భూమిలో మూడింట రెండు వంతులకు పైగా నీటి కింద ఉంది, అక్కడ సిస్మోమీటర్లు పెట్టడం మహా ఖర్చు. 2018 మార్చిలో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో ఒక పరిశోధన కేబుల్ మరమ్మతు కోసం ఆపినప్పుడు, నాలుగు రోజుల పాటు దానిలోని 20 కిలోమీటర్లను విన్నారు. మ్యాపుల్లో లేని భ్రంశాలు (భూమి పొరల్లోని చీలికలు) ఆ నాలుగు రోజుల్లోనే బయటపడ్డాయి. నార్వేలోని స్వాల్‌బార్డ్ దగ్గర 120 కిలోమీటర్ల కేబుల్ తిమింగలాల పిలుపులను పట్టుకుంది. అయితే ఖండాలను కలిపే కేబుళ్లలో ప్రతి 60 నుంచి 100 కిలోమీటర్లకు, మందగించిన వెలుగును మళ్లీ పెంచే రిపీటర్ ఒకటి ఉంటుంది, అది వెనక్కి వచ్చే వెలుగును దాటనివ్వదు. కాబట్టి మామూలు డాస్ ఒడ్డు నుంచి మొదటి రిపీటర్ దాకానే చూడగలదు. మహాసముద్రం నడిమధ్య ఏం జరుగుతోందో తెలియాలంటే వేరే దారి పట్టాలి. గూగుల్ వేసిన, లాస్ ఏంజెలెస్ నుంచి చిలీ దాకా 10 వేల కిలోమీటర్ల పైచిలుకు సాగే క్యూరీ కేబుల్‌లో మామూలు డేటా సంకేతాల ధ్రువణంలో (వెలుగు తరంగం ఏ దిశలో ఊగుతోందన్న దానిలో) మార్పులను చూసి, తొమ్మిది నెలల్లో 20 దాకా భూకంపాలను గుర్తించారు. కొత్త పరికరమేదీ సముద్రంలో దించలేదు. కానీ ఆ పద్ధతి భూకంపం వచ్చిందని చెబుతుందే గానీ, కేబుల్ మీద కచ్చితంగా ఎక్కడో చెప్పడంలో డాస్‌కు సాటిరాదు.

బంగాళాఖాతానికి ఇది దూరపు ముచ్చట కాదు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం)లో 2007లో మొదలైన హెచ్చరిక కేంద్రం, భూకంప కేంద్రాల మీద, సముద్రం అడుగున ఉంచే పీడన మాపకాల మీద ఆధారపడుతుంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ మిగతా ద్వీపాలకూ దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. ద్వీపాల వైపు చివరల్లో ఒక్కో ఇంటరాగేటర్ పెడితే, 2004లో చీలిన భూకంప మండలానికి చేరువలోని సముద్రపు అడుగును నిరంతరం చూడవచ్చు. భూకంపం ఎంత పెద్దదో, నేల ఎటు చీలుతూ పోతోందో మొదటి నిమిషాల్లోనే తెలిస్తే, ఒడ్డున ఉన్న ఊళ్లకు అది అసలైన ఆదా. ఇది చేయదగిన పని, చేయాల్సిన పని కూడా.

అడ్డంకి సాంకేతికంగా కంటే రక్షణ వైపు నుంచి ఎక్కువ వస్తుంది. భూకంపాన్ని వినే కేబుల్ ఓడలనూ వింటుంది, జలాంతర్గాములనూ వినవచ్చు. అమెరికా పసిఫిక్ తీరంలోని పరిశోధన కేబుళ్లకు తగిలించిన హైడ్రోఫోన్ల (నీటి అడుగున వినే మైక్రోఫోన్ల) డేటాను అక్కడి నేవీ అవసరమైనప్పుడు మధ్యలో ఆపి జల్లెడ పట్టి వదులుతుంది. 2025 అక్టోబర్‌లో విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని ప్రకటించిన గూగుల్, అంతర్జాతీయ సముద్ర కేబుళ్లు అక్కడ ఒడ్డు చేరతాయని చెప్పింది. అదే ఊళ్లో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. ఆ కేబుళ్ల నుంచి వచ్చే కంపనాల డేటా ఎవరిది, ఎవరు చూడొచ్చు, భూకంప శాస్త్రవేత్తకు ఏ భాగం అందాలి అన్న నియమాలు కేబుల్ ఒడ్డు చేరకముందే రాసుకోవాలి.

ఇంట్లో మాటలను కూడా ఫైబర్ వినేస్తుందా అన్న భయం చాలామందికి ఉంటుంది. రోడ్డు కింద పాతిన కేబుల్‌తో ఇంట్లో సంభాషణ వినడం సాధ్యం కాదు, గొంతు నుంచి గాలిలోకి వచ్చే కంపనం నేలలోకి దిగేసరికి మిగిలేది దాదాపు శూన్యం. ఇళ్లకు వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌లో ఒకే ఫైబర్ స్ప్లిటర్ దగ్గర పదుల ఇళ్లకు చీలుతుంది, తిరిగొచ్చే వెలుగులు కలగాపులగం అవుతాయి. గదిలోనే ఫైబర్ చుట్టను పలచని పలకకు అంటించి పెడితే మాత్రం అది మైక్రోఫోనే. మాటల కంటే నిజమైన ఆందోళన కదలికల గురించి: ఏ వీధిలో ఎప్పుడు ఎంతమంది నడుస్తున్నారు, ఏ ఫ్యాక్టరీ ఎన్నింటికి నడుస్తోంది అన్నవి వీధి కేబుల్‌కు తెలుస్తాయి. ఈ వివరాలను ఎవరు ఎంతకాలం ఉంచుకోవచ్చో ఇప్పుడే తేల్చుకోవాలి.

రెండు రాష్ట్రాలు, రెండు రకాల కేబుళ్లు

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017లో కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల కేబుల్ లాగింది. తక్కువ ఖర్చులో, తక్కువ కాలంలో ఊరూరికీ ఇంటర్నెట్ చేర్చడానికి అది మంచి ఉపాయం. డాస్ కోణంలో చూస్తే ఆ కేబుల్ ఎక్కువగా గాలినే వింటుంది. స్తంభాలు ఒరగడం, చెట్లు పడటం, తుపాను గాలుల తీవ్రత వంటివి దానితో పట్టవచ్చు. తీర జిల్లాలకు అది చిన్న విషయం కాదు. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే కేబుల్ డక్ట్‌లు వేసుకుంది. నీటి పైపు పక్కనే ఫైబర్ ఉండటం ప్రపంచంలో చాలా నగరాలకు దక్కని సౌకర్యం. పెద్ద లీకులను, పైపుల మీద అక్రమ తవ్వకాలను వినడానికి అది సిద్ధంగా ఉన్న ఏర్పాటు. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా తెలిసింది. ఆ కంపం తన దారిలో ఉన్న ప్రతి ఫైబర్‌నూ సాగదీసి వదిలింది. దేశమంతటికీ కలిపి భూకంప కేంద్రాలు 150 పైచిలుకే ఉన్నచోట, ఒకటి రెండు ఇంటరాగేటర్లు సిద్ధంగా ఉంచుకుని ఇలాంటి సందర్భాల్లో వెంటనే తగిలించగలిగితే, గోదావరి లోయ కింది నిర్మాణం గురించి ఎంతో తెలుస్తుంది.

వీటన్నిటి కంటే ముందు పెట్టదగినది కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం. అరకు వైపు అనంతగిరి కొండల్లో వానాకాలం వచ్చిందంటే బండరాళ్లు పట్టాల మీద పడటం, మట్టి జారడం అక్కడ కొత్త కాదు. రాయి పడిన దెబ్బ పెద్దది, చప్పుడు స్పష్టమైనది. పశువుల నడకకూ దానికీ తేడా గుర్తుపట్టడం ఏనుగు అడుగుల కంటే చాలా తేలిక. ఘాట్‌లో రైళ్లు నెమ్మదిగా వెళ్తాయి కాబట్టి ఆపేందుకు దూరం కూడా తక్కువ చాలు. గజరాజ్ దగ్గర ఎదురవుతున్న రెండు పెద్ద కష్టాలూ ఇక్కడ సగానికి సగం తగ్గుతాయి.

అలాంటి ప్రయోగం మొదలుపెట్టేవాళ్లు పెట్టె కొనేముందే ఒక పని చేయాలి. కేబుల్ ఎక్కడ ఎంత లోతులో ఉంది, ఏ వంతెన మీద వేలాడుతోంది, ఏ ఛాంబర్‌లో ఎన్ని మీటర్ల చుట్ట మిగిల్చారు అన్నది నమోదు చేసి ఉంచుకోవాలి. కొత్తగా కేబుల్ వేసే ప్రతి కాంట్రాక్టులోనూ ఈ వివరాలు ఇచ్చిన తర్వాతే తుది బిల్లు చెల్లించే షరతు పెడితే అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. కేబుల్ పూడ్చేశాక తీరిగ్గా తెలుసుకోవాలంటే సొరంగాలు, లోయలు దాటుకుంటూ సుత్తి పట్టుకుని ఆ దారంతా నడవాల్సి వస్తుంది.